దించని సూచిక: శ్రీ గుత్తుల చంద్రరావు గారి ఉద్యోగ పర్వం

శ్రీ గుత్తుల చంద్రరావు గారు 1952వ సంవత్సరం జూన్ నెల పదహారవ తేదీన, మబ్బు పట్టీ చినుకు రాలని ఒక ఉక్కపోత దినాన, వాతావరణ శాఖలో కనిష్ఠ పరిశీలకులుగా ప్రవేశించి, ఈ 1987 ఏప్రిల్ ముప్పయ్యవ తేదీన కొత్తరేవు పరిశీలన కేంద్రం బాధ్యులుగా పదవీ విరమణ చేస్తున్నారు. ఇటువంటి సందర్భాలలో వెలువడే అభినందన సంచికలలో, విరమణ చేయు మహాశయులను మృదుభాషులనీ, స్మితవదనులనీ, అజాతశత్రువులనీ వర్ణించడం ఒక సదాచారం. చంద్రరావు గారు మృదుభాషులు కారు. ఆయన చిరునవ్వు చూసినవారు మా కార్యాలయంలో ఇంతవరకు ఎవరూ లేరు. ఇక శత్రువుల సంగతికి వస్తే, ఆయనకున్న శత్రువులలో ఒకరు ఈనాటి సభకు ముఖ్య అతిథులు. కాబట్టి ఈ వ్యాసం ఆ సదాచారాన్ని పాటించదు. పెద్దలు క్షమించినా సరే, క్షమించకపోయినా సరే, పాటించదు.

గత మాసంలో సన్మాన సంఘంవారు చంద్రరావు గారి గృహానికి వెళ్ళారు. మా కార్యాలయ ప్రధాన గుమాస్తా, ఈ సంచికకు సంపాదకులు అయిన శ్రీ బుల్లిబాబు గారు సంఘానికి నాయకత్వం వహించారు. చంద్రరావు గారి ధర్మపత్ని శ్రీమతి రమాదేవి గారు కాఫీలు ఇచ్చారు. గోడగడియారం ఇమ్మంటారా, వెండిపళ్ళెం ఇమ్మంటారా అని బుల్లిబాబు గారు సవినయంగా అడిగారు.

"నాకే గడియారమూ వద్దండి," అన్నారు చంద్రరావు గారు. "ఎనభయ్యో సంవత్సరం కార్తీకంలో, తుపాను సూచిక దించమని తంతి ఎప్పుడొచ్చిందో, మనవాళ్ళు ఎప్పుడు దించారో, ఆ రెండు ముక్కలూ సంచికలో అచ్చేయండి. అచ్చేసి ఊరుకోవడం కాదు, సభలో పైకి చదవండి. పల్లపులంక చిట్టెమ్మకి చదువు రాదు. ఆవిణ్ణి పిలిపించి ముందు వరసలో కూర్చోబెట్టి చదవండి. అదే నాకు సన్మానం. కుదరదంటారా, మీ శాలువా ఆ కుర్చీకి కప్పుకోండి. నేను రాను."

బుల్లిబాబు గారు కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. "ఏంటండీ చంద్రరావు గారూ! రిటైరై వెళ్ళిపోయే ముందు ఎందుకండీ ఈ గొడవ? అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు కదండీ పెద్దలు!"

"తొక్కింది నేను కాదండీ బుల్లిబాబు గారూ. కాలు కడుక్కుంటున్నది మాత్రం నేను. ఇన్నేళ్ళ నుంచీ కడుక్కుంటున్నాను, పోవట్లేదు."

సంఘంవారు ఇంటికి పోయి ఆలోచించారు. ఆహ్వాన పత్రికలు పంచడం అయిపోయింది, భోజనాలకు పురమాయించడం అయిపోయింది, ముఖ్య అతిథిగారు వస్తామని కబురు చేయడమూ అయిపోయింది. సన్మానితులు లేని సన్మానం చేయడం మాత్రం ఇంతవరకు ఎవరికీ చేతకాలేదు. చివరకు బుల్లిబాబు గారు ఈ వ్యాసకర్త దగ్గరకు వచ్చి, రాయమన్నారు. ఒక్క షరతు పెట్టారు. ఎవరి పేరు రాసినా ఫరవాలేదు గానీ ఆనాటి అధికారిగారి పేరు మాత్రం రాయరాదట. సరే, రాయడం లేదు. అది ఏ అధికారిగారో తెలుసుకోగోరే పాఠకులు ఈ సంచిక రెండవ పేజీలో, శుభాకాంక్షల సందేశం పైన ఉన్న ఛాయాచిత్రాన్ని చూడవచ్చు.

చంద్రరావు గారు జన్మతః కోనసీమ వాస్తవ్యులు. తండ్రిగారు కొబ్బరి దింపులు చేయించే మధ్యతరగతి రైతు. స్కూల్ ఫైనల్ ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులై, మామగారు రెవెన్యూలో వేయిస్తానన్నా వినక, వార్తాపత్రికలో ప్రకటన చూసి ఈ శాఖలో చేరారు. "ఆకాశం కేసి చూసినందుకు జీతం ఇస్తారట మా అల్లుడికి" అని మామగారు ఊరంతా చెప్పుకుని నవ్వారట. మా శాఖ పని తెలియనివారు ఇప్పటికీ ఆ మాటే అంటారు. దేశమంతటా ఒకే వేళకు, ఎండలోనైనా వానలోనైనా, వందలాది మంది పరిశీలకులు గాలి బరువును, వేడిని, తేమను, వాన కొలతను చూసి తంతి ద్వారా పంపితే, ఆ అంకెలన్నింటినీ ఒక పటం మీద పరిచి రేపటి సంగతి చెప్పగలుగుతున్నది ఈ శాఖ. అందులో ఒక్కడు బద్ధకించి తోచిన అంకె వేస్తే, ఆ పటం మీద అంత మేర అబద్ధం పరుచుకుంటుంది. ఈ సంగతి చంద్రరావు గారికి మొదటి రోజే ఒంటబట్టింది. బద్ధకించినవాడు ఆయన కంట పడితే ఆ రోజు వాడికి మూడినట్టే.

తొలినాళ్ళలో వారు పిఠాపురం సమీపాన ఒక వర్షమాపక కేంద్రంలో పనిచేశారు. ఒకనాడు ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. వర్షమాపకంలో మాత్రం నిండా నీళ్ళు. మరునాడూ అంతే. ఎవరో ఆకతాయి పని అని ఆగ్రహించి చంద్రరావు గారు తెల్లవారుతూనే వెళ్ళి పొంచి కూర్చున్నారు. కార్తీక సోమవారం. పాదగయ కోవెలకు పోయే ముత్తైదువులు నలుగురు వచ్చి, ఇటుక గద్దె మీద నిలబెట్టిన ఆ రాగి గొట్టానికి కుంకుమ పెట్టి, చెంబులతో అభిషేకం చేసి, ప్రదక్షిణం మొదలుపెట్టారు.

"ఏమ్మా! ఇది శివలింగం కాదమ్మా, గవర్నమెంటు సామాను!" అని ఆయన గద్దించారు.

వారిలో పెద్దావిడ, సూరమ్మ గారట, చెంబు దించకుండానే, "గవర్నమెంటుదైతే మటుకు నీళ్ళు పోస్తే పాపమా నాయనా? వానలు పడాలనే కదా పోస్తున్నాం!" అన్నారు. చంద్రరావు గారు ఆ నాలుగు చెంబులనూ లెక్కలోంచి తీసివేసి, చుట్టూ ముళ్ళకంచె కట్టించి, కంచెకు ఇవతల ఒక రాయి పాతి, "అభిషేకం దీనికి చేసుకోండి" అని చూపించారు. ఆ రాయికి ఇప్పటికీ పూజ జరుగుతున్నదని వినికిడి.

ప్రజల మీద ఆయన కోప్పడని రోజు లేదు. కొత్తరేవు బజారులో ఉగాదినాడు పంచాంగ శ్రవణం కాగానే ఎవరో ఒకరు కేంద్రానికి వచ్చి, "ఏమండీ, మా పంతులుగారు ఈ ఏడు ఇన్ని తూముల వాన అన్నారు, మీ ఆఫీసు ఎన్ని కుంచాలంటోందండీ?" అని వెటకారమాడేవారు. "మీ పంతులుగారు ఏడాదికోసారి చెప్పి చేయి దులుపుకుంటారు. మేం రోజూ చెబుతాం. రోజూ చెప్పేవాడేనయ్యా రోజూ దొరికిపోయేది!" అని చంద్రరావు గారు విరుచుకుపడేవారు. నోరు మంచిదైతే ఊరు మంచిదని రమాదేవి గారు ఎంత చెప్పినా విన్న పాపాన పోలేదు. అయినా ఊరు ఆయనకు మంచిగానే ఉండేది. ఎందుకంటే ఆయన తిట్టేది ఎదుటనే, చెప్పేది నిజమే.

1968లో చంద్రరావు గారు కొత్తరేవుకు బదిలీపై వచ్చారు. కొత్తరేవు చిన్న రేవు; అయినా సముద్రంలో వాయుగుండం పుడితే ఆ చుట్టుపట్ల లంకలన్నీ చూసేది మా కేంద్రం పక్కనున్న సూచిక స్తంభం వైపే. పైనుంచి తంతి రాగానే, వెదురు చట్రానికి నల్లగుడ్డ కట్టిన పెద్ద పెద్ద బుట్టలను స్తంభానికి ఎక్కిస్తారు. ఏ ఆకారం బుట్ట, ఎన్ని బుట్టలు, ఏది పైన, ఏది కింద అన్నదాన్నిబట్టి ప్రమాదం ఎంతటిదో తెలుస్తుంది. ప్రమాదం తప్పిందని మరో తంతి రాగానే దించేస్తారు. ఎక్కించడానికీ దించడానికీ స్థానిక సిబ్బందికి సొంత అధికారం లేదు. తంతి వచ్చాక జాప్యం చేసే అధికారం అసలే లేదు. ఎక్కించే రోజున జనం పోగై చూస్తారు, పత్రికలవారు రాస్తారు. దించే రోజున ఎవరికీ పట్టదు. ఈ పట్టకపోవడంలోనే ఉంది కిటుకంతా.

డెబ్బై ఏడు ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టిన తరువాత మన తీరంలో గాలి గట్టిగా వీస్తే చాలు, గుండెలు జారిపోయేవి. ఆ మూడేళ్ళూ చంద్రరావు గారు సెలవు పెట్టలేదు. స్తంభానికి బుట్టలెక్కితే చాలు, సైకిలు మీద లంకలు తిరిగి, ఎవరి పనలు కుప్ప వేయాలో, ఎవరు పశువులను విప్పుకోవాలో ఇంటింటికీ చెప్పి వచ్చేవారు. అది ఆయన ఉద్యోగ విధి కాదు. "బుట్టలు కనబడితే సరిపోదండీ, ఏం చేయాలో చెప్పాలి కదండీ!" అని అధికారులతోనే తగవు వేసుకునేవారు. లంకల్లో ఆయన మాట వేదవాక్కు. పల్లపులంకలో పెనిమిటి పోయి, కౌలు చేసుకుని ఇద్దరు పిల్లలను పెంచుకుంటున్న శ్రీమతి చిట్టెమ్మ గారు ఆయనను "అన్నయ్యగారూ" అని పిలిచేవారు.

1980 కార్తీకమాసంలో తుపాను వచ్చింది. మాసూళ్ళ కాలం. సార్వా పంట కోత కోసి, నూర్చి, కళ్ళాల్లో రాశులు పోసుకున్న సమయం. తీవ్ర ప్రమాద సూచిక ఎక్కించమని తంతి వచ్చింది, ఎక్కించారు. పెద్ద రైతులకు గాదెలున్నాయి, మేడలున్నాయి, బళ్ళున్నాయి. చిట్టెమ్మ గారికున్నది పల్లంలో ఒక తాటాకిల్లు. అటువంటివారి దగ్గర తడవకముందే ధాన్యం కొనడానికి కొత్తరేవు రైస్‌మిల్లు యజమాని శ్రీ అచ్చిబాబు గారి లారీలు లంక గట్టు మీదకు వచ్చి నిలిచాయి. ధర సగానికి సగం. "తుపాను ధర అమ్మా, ఇష్టమైతే ఇయ్యండి, లేకపోతే గోదారికి ఇయ్యండి" అని మిల్లు గుమాస్తాలు అరుగుల మీద కూర్చుని చెబుతున్నారు. తెగించి కొంటున్నది మిల్లువారే కదా, నష్టపోతే వాళ్ళదే కదా అని జనం అనుకున్నారు. చంద్రరావు గారూ అలాగే అనుకున్నారు.

మరునాడు ఉదయం చంద్రరావు గారు పల్లపులంకలో ఉన్నారు. ఆయన అక్కడ ఉండగానే తుపాను దిశ మార్చుకుని ఈశాన్యంగా పోయింది. ఉదయమే, జనం చద్దన్నాలు తినే వేళకే, సూచిక దించమని తంతి కొత్తరేవు చేరింది. తపాలా బంట్రోతు దగ్గర దానిని అందుకున్నది స్తంభం పనిచూసే ఖలాసీ శ్రీ యెహెజ్కేలు. ఆయన తెచ్చి అప్పటి కేంద్రం అధికారిగారికిచ్చి, "దించేమంటారాండి?" అని తాడు పట్టుకోబోయారు. అధికారిగారు తంతి మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, "రేపు చూద్దాంలే. తొందరేముంది? నువ్వెళ్ళి భోంచెయ్" అన్నారు. అధికారిగారి కాపురం అచ్చిబాబు గారి మేడ మీద. అద్దె అడిగినవారూ లేరు, ఇచ్చినవారూ లేరు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గదా, పాపం ఖలాసీ ఏం పట్టగలడు?

పల్లపులంకలో మధ్యాహ్నానికి ఎండ కాసింది. అప్పటికి సగం ఊరు అమ్ముకుంది, సగం ఊరు తేల్చుకోలేక నిలబడింది. చిట్టెమ్మ గారు రాశి మీద గోనెపట్టా కప్పి, చంద్రరావు గారి దగ్గరకు వచ్చారు.

"అన్నయ్యగారూ, ఎండ కాత్తంది కదండీ. గాలి కూడా తగ్గిపోయింది. ఇంకా అమ్మేయమంటారా?"

చంద్రరావు గారు వెనక్కి తిరిగి చూశారు. కొబ్బరితోటల మీదుగా స్తంభం కనబడుతోంది. బుట్టలు అలాగే ఉన్నాయి.

"అదిగో, చూడు చిట్టెమ్మా. దిగాయా? దిగలేదు కదా! అవి దిగేదాకా ఎండనీ నమ్మకు, గాలినీ నమ్మకు. ఎండ కాసి కాసి మీద పడిన తుపాన్లు నేను చూశాను. గింజ తడిసి మొలకొచ్చిందంటే సగం ధర కూడా రాదు. అమ్మేసెయ్."

చిట్టెమ్మ గారు అమ్మేశారు. తేల్చుకోలేని మిగతా సగం ఊరూ ఆవిణ్ణి చూసి అమ్మేసింది. సాయంత్రానికి లారీలు నిండి వెళ్ళిపోయాయి. ఆ రాత్రి చినుకు పడలేదు. మరునాడు తెల్లవారాక బుట్టలు దిగాయి. వారం తిరగకుండా ధాన్యం ధర మామూలుకు వచ్చింది, అచ్చిబాబు గారి గోదాములో ఉన్న ధాన్యానికి.

తాడు దించుతూ యెహెజ్కేలు గారు ఉండబట్టలేక, "నిన్న పొద్దున్నే దింపాల్సిందండి ఇది. తంతి నా చేత్తోనే ఇచ్చానండి. ఆఫీసరు గారు జేబులో ఎట్టుకున్నారండి" అన్నారు. చంద్రరావు గారికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమైన తరువాత ఆయన అధికారిగారి గదిలోకి ఎలా వెళ్ళారో చూసినవారు మా కార్యాలయంలో ఇంకా ఉన్నారు. తలుపు మడతబందు ఊడివచ్చింది.

"నిన్న దించాల్సిన సూచిక ఇవాళ దించారేంటండీ?"

"జాగ్రత్త కోసం ఉంచాను. తప్పేముంది?" అని అధికారిగారు శాంతంగా సెలవిచ్చారు. "హెచ్చరిక ఒక పూట ఎక్కువైతే ఎవరూ చచ్చిపోరు చంద్రరావ్."

"చావరండీ. ధాన్యం మటుకు చేతులు మారిపోద్ది! మీరు తంతి జేబులో పెట్టుకున్నారు. నేనేమో ఆ స్తంభాన్నే చూపించి ఆడమనిషి చేత పంట అమ్మించాను. నా వేలితో చూపించానండీ! నా నోటిని మీరు అచ్చిబాబుకి అద్దెకిచ్చారు!"

అధికారిగారు ఆయనను బయటకు పొమ్మన్నారు. చంద్రరావు గారు ఆ రోజే పై కార్యాలయానికి ఫిర్యాదు పంపారు. దానికి సమాధానం రాలేదు. బదిలీ ఉత్తర్వు వచ్చింది. తుని అవతల ఎక్కడో, సముద్రం కనబడని చోట, వాన కొలిచే పని. అధికారిగారు మాత్రం శాఖలో మెట్టు మీద మెట్టు ఎక్కుతూనే ఉన్నారు. ఈ వాక్యం రాసేటప్పుడు ఒళ్ళు మండింది. చదివేవారికి మండకపోతే అది వారి అదృష్టం.

ఇక పల్లపులంకవారు ఏమనుకున్నారు? నిప్పులేనిదే పొగ రాదు కదా, చంద్రరావు మిల్లువాళ్ళ దగ్గర తిన్నాడనుకున్నారు. వేరే ఎలా అనుకుంటారు? ఇంటింటికీ తిరిగి అమ్మించింది ఆయనే. సామాను సర్దుకుని వెళ్ళే ముందు ఆయన పల్లపులంక వెళ్ళారు. చిట్టెమ్మ గారు గుమ్మంలోకి వచ్చి, "ఏంటండీ ఆఫీసరు గారూ, మళ్ళీ తుపానుందాండి? అమ్మడానికి ఏం మిగల్లేదండి" అన్నారు. అన్నయ్య అన్న మాట అక్కడితో ఆగిపోయింది. చంద్రరావు గారు సైకిలు తిప్పుకుని వచ్చేశారు.

ఇంత కోపిష్టి మనిషి, ఉన్నది ఉన్నట్టు మొహం మీద అనేసే మనిషి, ఆ ఒక్క చోట ఎందుకు నోరు మూసుకున్నారు? రమాదేవి గారు అదే అడిగారు. "నిజం చెప్పేయొచ్చు కదండీ వాళ్ళతో! లంచగొండి అంటున్నారండీ మిమ్మల్ని, బజారుకెడితే నా మొహం కేసి చూస్తున్నారండీ!" అని ఆవిడ ఏడ్చారు.

ఆయన చెప్పిన సమాధానాన్ని రమాదేవి గారు ఈ వ్యాసం కోసం మొన్ననే చెప్పారు. "నేను దొంగననుకుంటే నన్నొక్కణ్ణే నమ్మరే. స్తంభం అబద్ధం చెప్పిందని నేనే చెప్పాననుకో, ఇక బుట్టలెక్కినా కదలరు. ఈసారి నిజంగా వస్తే ఊరు ఊరంతా పోద్ది. నన్ననుకోనీ."

అందుచేత ఆయన అనిపించుకున్నారు. ఒక ఏడాది కాదు, రెండేళ్ళు కాదు, ఈ రోజు వరకు అనిపించుకున్నారు. ఆ కోపమంతా పాపం రమాదేవి గారి మీదా, తుని అవతల ఆ ఊరి పిల్లల మీదా, మొరాయించే వర్షమాపకాల మీదా పడింది.

1984లో, అధికారిగారు పై పదవికి వెళ్ళిపోయిన తరువాత, చంద్రరావు గారు కొత్తరేవుకు బాధ్యులుగా తిరిగి వచ్చారు. వచ్చిన మొదటి వారంలోనే ఒక పద్ధతి పెట్టారు. తంతి ఏదైనా సరే, ఎక్కించేదైనా దించేదైనా, యెహెజ్కేలు గారు దానిని గదిలోకి తీసుకురాకూడదు. ముందు స్తంభం కింద నిలబడి పైకి చదవాలి, ఆ తరువాతే చంద్రరావు గారి చేతికివ్వాలి. అదే సమయానికి బజారులో టముకు వేయాలి. ఇది శాఖా నిబంధనలలో ఎక్కడుందని పైనుంచి అడిగారు. "లేదని ఎక్కడుందో చూపించండి" అని జవాబు రాశారు.

మరుసటి సంవత్సరమే ఆ పద్ధతికి పరీక్ష వచ్చింది. తీవ్ర ప్రమాద సూచిక ఎక్కింది. ఈసారి తుపాను నేరుగా కొత్తరేవు మీదకే వస్తున్నది. లంకలన్నీ కదిలాయి, పల్లపులంక కదలలేదు. టముకు వేసినవాణ్ణి, "మీ చంద్రరావు గారికి ఈసారి ఎంత ముట్టిందిరా?" అని పంపేశారు. చంద్రరావు గారు ఆ వయస్సులో, ఆ ఎదురుగాలిలో, సైకిలు తొక్కలేక నడిపించుకుంటూ వెళ్ళారు. జనం అరుగుల మీద కూర్చుని ఉన్నారు.

"లేవండి! మెరక మీద బడికి నడవండి! సముద్రం వచ్చేస్తోంది!"

ఎవరూ లేవలేదు. చిట్టెమ్మ గారు అన్నారు: "ఆ రోజు మీ నోటితోనే అమ్మమన్నారు. ఇయ్యాల ఆ నోటితోనే లెగమంటన్నారు. ఒకసారి మునిగాం కదండీ, చాలదాండి?"

అప్పుడైనా నిజం చెప్పవచ్చు. తప్పు నాది కాదు, స్తంభానిది అనవచ్చు. అలా అంటే ఆ స్తంభం మీద ఇప్పుడున్న బుట్టలను ఎవరు నమ్ముతారు? చంద్రరావు గారికి మిగిలింది కోపం ఒక్కటే. సైకిలు బురదలో పారేసి, నడివీధిలో నిలబడి అరిచారు.

"అవునమ్మా, తిన్నాను! లంచం తిన్నాను! మీ ధాన్యమంతా నేనే మింగాను! తిట్టండి! కావాలంటే కొట్టండి! కానీ నడుస్తూ తిట్టండి, నడుస్తూ కొట్టండి! ఇక్కడ కూర్చుని తిట్టారంటే రేపు తిట్టడానికి ఒక్కళ్ళు మిగలరు!"

ఎందుకు లేచారో వారికే తెలియదు. తప్పును అంత గట్టిగా ఒప్పుకునే దొంగను వాళ్ళు ఎన్నడూ చూసి ఉండరు. ముసలివాళ్ళను భుజాన వేసుకుని, పశువులను విప్పి తోలుకుని, దారి పొడుగునా చంద్రరావు గారినీ, ఆయన వంశాన్నీ, ఆయన శాఖనూ నోరారా తిడుతూ పల్లపులంక జనం మెరక మీద బడికి నడిచారు. ఆయన వాళ్ళ వెనకాలే, ఎవరూ వెనక్కి తిరగకుండా కాపలా కాస్తూ, ఆ తిట్లన్నీ వింటూ నడిచారు. ఆ రాత్రి సముద్రం పల్లపులంక ఇళ్ళ కప్పులు దాటి వచ్చింది. ఊరు మిగలలేదు, ఊరివాళ్ళు మిగిలారు.

దానికి పై కార్యాలయం ఇచ్చిన ప్రశంస ఏదైనా ఉంటే ఇక్కడ ఉదహరించేవాళ్ళం. "అనుమతి లేకుండా కేంద్రం విడిచి వెళ్ళుట" గురించి సంజాయిషీ మాత్రం అడిగారు. పల్లపులంకవారు బతికినందుకు దండం పెట్టారు, చంద్రరావు గారికి కాదు, బడి కట్టించినవారికి. ఆయన లంచం తిన్నానని తన నోటితోనే ఒప్పుకున్నారు కదా! ఇప్పటికీ ఆ ఊళ్ళో, "తింటే తిన్నాడు గానీ మంచి పని చేశాడు" అంటారు. ఆ మాట మొదటి సగం వినలేకే రమాదేవి గారు పల్లపులంక వైపు వెళ్ళడం మానేశారు.

ఇప్పుడు ఎందుకు చెప్పమంటున్నారని బుల్లిబాబు గారి ప్రశ్న. దానికీ చంద్రరావు గారి దగ్గర సమాధానం ఉంది. హెచ్చరిక ఇప్పుడు ఒక్క తంతి కాగితం మీద ఆధారపడి లేదు. రేడియోలో తెలుగులో చెబుతున్నారు, ఎక్కించిన సంగతీ దించిన సంగతీ ఊరూరా అదే ఘడియకు వినబడుతోంది. ఎవరి జేబులోనూ పట్టదు. కాబట్టి ఆనాటి నిజం చెప్పినా ఈనాటి హెచ్చరికకు చెరుపు లేదు. ఆయన ఇన్నేళ్ళూ ఎదురుచూసింది విరమణ కోసం కాదు, ఈ వెసులుబాటు కోసం.

ఈ వ్యాసం చిత్తుప్రతి చూసి సంఘంలో ఒకరిద్దరు, మమ్మల్నే అంటున్నారని కలవరపడ్డారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం పాత అలవాటే. ముఖ్య అతిథిగారు వేదిక మీదనే ఉంటారు. వారికి చెప్పవలసినది ఏదైనా ఉంటే మైకు అందుబాటులో ఉంటుంది.

శ్రీమతి చిట్టెమ్మ గారికి. అమ్మా, మీరు ముందు వరసలో ఉన్నారు గనుక ఇది మీకే చెబుతున్నాం. ఎనభయ్యో సంవత్సరం కార్తీకంలో, సూచిక దించమని తంతి మీరు ధాన్యం అమ్మిన రోజు ఉదయాన్నే వచ్చింది. ఒక పెద్దమనిషి దానిని జేబులో పెట్టుకున్నాడు, బుట్టలు దిగినది మరునాడు తెల్లవారాకే. చంద్రరావు గారికి ఆ సంగతి తెలియదు. మీకు స్తంభం చూపించి అమ్మమన్నప్పుడు ఆయన నిజమే చెబుతున్నాననుకున్నారు. ఆయన ఎవరి దగ్గరా ఏమీ తినలేదు. మిమ్మల్ని బడికి నడిపించిన రోజున నడివీధిలో ఆయన ఒప్పుకున్నది ఒక్కటే అబద్ధం, ముప్పయ్యయిదేళ్ళ ఉద్యోగంలో ఆయన చెప్పిన అబద్ధం అదొక్కటే.

శ్రీ చంద్రరావు గారు రమాదేవి గారితో కలిసి, కంటినిండా నిద్రపోతూ, నోటినిండా తిడుతూ, ఏ జబ్బూ దరిచేరని దేహంతో, మనవల మనవలను చూసేదాకా చల్లగా ఉందురు గాక. ఆయన ఇకమీదట ఎవరి తరఫునా మాట పడకుందురు గాక.